తవుడు పోసి కొన్న తల్లి

అయ్యలారా, అమ్మలారా, వలలు గట్టున ఆరేసి వచ్చిన అన్నదమ్ములారా, గంపలు దించి వచ్చిన అక్కచెల్లెళ్ళారా.

ఇవాళ మన రేవులో ఒక్క నావ కదల్లేదు. గోదారికి ఎర్రనీరు వచ్చి, పులస ఎదురెక్కే రోజులివి. ఈ రోజుల్లో ఈ పాలెం నావలన్నీ ఒడ్డున కట్టేసి ఉండటం నేనింతవరకు చూడలేదు. ఎవరి కోసం కట్టేశారు? జమీందారు పోయాడా? ధవళేశ్వరం ఆనకట్ట మీద పెత్తనం చేసే దొర పోయాడా? కాదు. పోయింది సుబ్బాయమ్మ. చేపల గంప నెత్తిన పెట్టుకొని ఆత్రేయపురం దాకా నడిచే ముసలి విధవరాలు. పెనిమిటిని ఏరు తీసుకుపోయింది. కడుపున పుట్టినవాళ్ళు ఐదుగురూ నడక రాకముందే పోయారు. ఆమె గుడిసెలో రెండో పీట లేదు. నిన్న ఏటి ఒడ్డున ఆమెను మట్టి చేసి వచ్చాం. ఇవాళ ఆమె కోసం మీరింతమంది కూర్చున్నారు.

పొద్దున్నే మీ కులపెద్ద పల్లంరాజుగారు నా గుమ్మంలోకి వచ్చి, "జీవరాజూ, నీ దేవుడు వేరు, మా దేవతలు వేరు. కాని నీకు గొంతుంది. ఆమె గురించి నాలుగు ముక్కలు నువ్వే చెప్పాలి" అన్నారు. గొంతుందన్న మాట నిజమే. నేను ప్రసంగం ఎత్తుకుంటే అవతల లంకలో మేసే గేదెలు తలెత్తి చూస్తాయని సుబ్బాయమ్మే అనేది. నేను బడి ముఖం ఎరగను. కాలవ లాకు గోడ మీద చెక్కిన అక్షరాలు వేలితో దిద్ది చదువు నేర్చుకున్నాను. ఆ చదువుతో ఒక్క గ్రంథమే చదివాను. అది ఇదిగో, ఎప్పటిలాగే ఈ సంచిలో నా చంకనే ఉంది. ఇవాళ ఈ సంచిలో ఇంకొకటి కూడా ఉంది. అదేమిటో తరవాత చెబుతాను.

ముందు మీరు ఒక చప్పుడు వినండి. నేను ఒక్క క్షణం ఆగుతాను.

విన్నారా? అది పసిబిడ్డ ఏడుపు. అది కూడా ఏడుపు కాదు, ఏడవటానికి ఓపిక లేని మూలుగు. ఆ బిడ్డ ఎక్కడుంది? తల్లి ఒళ్ళో లేదు. తల్లి పక్కన, నేల మీద, చేటలో ఉంది. తల్లి వీరవేణి ఆ పక్కనే కూర్చుంది. రొమ్ములు పొంగి రవిక తడిసిపోతోంది. పైట అడ్డం పెట్టుకొని తల వంచుకుంది. చెయ్యి చాపితే అందే దూరంలో బిడ్డ ఉంది. ఆ చెయ్యి చాపదు. ఎందుకు చాపదు?

ఆత్రేయపురం నుంచి వచ్చిన పెద్దలకు ఈ సంగతి తెలియకపోవచ్చు. వారి కోసం చెబుతాను.

ఈ పాలెంలో ఒక ఆచారం ఉంది. ఒక ఇంట్లో పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, ఆ తరవాత పుట్టిన బిడ్డను చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెడతారు. ఇంకో ఇంటి ఇల్లాలు వచ్చి, ఒక చేటెడు తవుడు పోసి, ఆ బిడ్డను కొనుక్కుంటుంది. ఇక బిడ్డ ఆమెది. కన్నతల్లి ఇంట్లోనే పెరుగుతుంది, కన్నతల్లే పాలిస్తుంది, అయినా అది పరాయివాళ్ళ బిడ్డ. మృత్యువు గుమ్మంలోకి వచ్చి బిడ్డ ఏదీ అని అడిగితే, మాకు బిడ్డ లేదు, అమ్మేసుకున్నాం అని చెప్పవచ్చునట. పళ్ళొచ్చి, తప్పటడుగులు వేసి, గండం గడిచిందనుకున్నాక కన్నతల్లి మళ్ళీ అంత తవుడూ పోసి బిడ్డను విడిపించుకుంటుంది. మన వీధుల్లో ఇంతమంది తవిటయ్యలూ తవిటమ్మలూ పెంటయ్యలూ ఉన్నది అందుకే.

దీని మీద నేను ఈ రేవులోనే నిలబడి ఎన్నిసార్లు నిప్పులు కక్కానో మీకు తెలుసు. తవుడు చూపిస్తే గేదె వెంట వస్తుంది కాని, మృత్యువు వెనక్కి పోతుందా అని అడిగాను. ప్రాణం పోసినవాడి దగ్గర ఈ బేరాలేమిటని అడిగాను. ఇవాళ కూడా అడుగుతున్నాను. నా మాట నేను మింగడం లేదు.

కాని ఈ ఆచారాన్ని పట్టుకొని సుబ్బాయమ్మ ఏం చేసిందో, అది చెప్పకుండా ఉంటే నేను అబద్ధసాక్షిని అవుతాను.

చిట్టియ్య ఇల్లాలు సంపూర్ణమ్మకు పిల్లలు దక్కేవారు కాదు. మళ్ళీ మగబిడ్డ పుట్టాడు. చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. కొనేవాళ్ళు రావాలి. ఇంటినిండా పిల్లలున్న ఇల్లాలు కొనాలని కదా మీ పద్ధతి? ఒక్కరూ రాలేదు. ఆ ఇంటి కీడు తమ ఇంటికి అంటుకుంటుందని తలుపులు వేసుకున్నారు. ఎండెక్కుతోంది. బిడ్డ ముఖం మీద ఈగలు ముసురుతున్నాయి. అప్పుడు సుబ్బాయమ్మ చేటెడు తవుడు పట్టుకొని వచ్చింది.

"ఐదుగుర్ని మింగినదానికా బిడ్డనమ్మడం?" అని ఒక పెద్దావిడ అడ్డం నిలబడింది. ఆ పెద్దావిడ ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పను. మీరు తల దించుకోనక్కర్లేదు, రత్తమ్మగారూ.

దానికి సుబ్బాయమ్మ ఏమంది? కోపం తెచ్చుకోలేదు. "మీ ఇళ్ళల్లో పిల్లలున్నారు వదినా, మీకు భయం ఉండాలి. నా ఇంట్లో ఇంకేం మిగిలింది? ఊడ్చుకుపోయిన ఇంటికి దొంగ రెండోసారి రాడు. నాకమ్మండి" అంది.

ఊడ్చుకుపోయిన ఇల్లు. అయ్యలారా, ఆ మాట గుర్తుంచుకోండి. దాని దగ్గరికి నేను మళ్ళీ వస్తాను.

తవుడు పోసింది. బిడ్డను ఎత్తి తల్లి చేతికిచ్చింది. అందరూ ఇళ్ళకు పోయారు. కొనడమంటే మాట వరసకే కదా అనుకున్నారు. తెల్లారేసరికి సుబ్బాయమ్మ చిట్టియ్య గుమ్మంలో ఉంది. "నా బిడ్డకి పాలిచ్చావా?" అంది. సంపూర్ణమ్మ తెల్లబోయింది. ముర్రుపాలు చెడ్డవని అప్పుడే నేల మీద పిండేసి, బిడ్డకు ఆముదం నాకించబోతున్నారు. సుబ్బాయమ్మ ఆ ఆముదం గిన్నె తీసుకొని వాకిట్లో బోర్లించింది. "నా సరుకు. నా సరుకుకి ఏం పట్టాలో నేను చెబుతాను. ఆ పాలే పట్టు" అంది.

"నువ్వేం వైద్యురాలివని చెబుతున్నావే?" అని అడిగారు. అప్పుడు ఆమె చెప్పిన జవాబు నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు. "వైద్యం నాకేం తెలుసు? నా ఐదుగురికీ మనం ఏమేం చేశామో అది తెలుసు. అది మాత్రం మళ్ళీ చెయ్యనివ్వను."

తల్లులారా, ఇది వినండి. బిడ్డ పోతే మనమేం చేస్తాం? తలరాత అంటాం, దిష్టి అంటాం, అమ్మవారికి కోపం అంటాం. అనేసి, తరవాత పుట్టిన బిడ్డకు కూడా ముందు బిడ్డకు చేసినవన్నీ చేస్తాం. ఈమె ఏ బిడ్డనూ మరిచిపోలేదు. ఏ బిడ్డకు ఏ పూట ఏం పట్టించారో, ఎవరు పట్టించారో, పట్టించాక బిడ్డ ఎలా చూసిందో, అన్నీ తలుచుకుంటూ ఒంటరిగా గంప మోసుకుంటూ నడిచింది. లేఖనంలో ఒక తల్లి ఉంది. తన పిల్లలు లేరని ఏడుస్తూ ఎవరు ఓదార్చినా ఊరుకోదు. ఆమె ఎందుకు ఊరుకోదో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఊరుకుంటే మరిచిపోతుంది. మరిచిపోతే ఇంకొకరి బిడ్డకు అదే జరుగుతుంది. సుబ్బాయమ్మను చూశాక నాకర్థమైంది.

ఆ చిట్టియ్య కొడుకు బతికాడు. అడుగో, నావ మోకు పక్కన మీసాలు దువ్వుకుంటూ కూర్చున్న మన తవిటయ్య. పడవ నడిపితే గోదారి దారివ్వాల్సిందే. అలా బతికాడు.

అక్కడితో సుబ్బాయమ్మకు ఇదే పనైంది. బిడ్డ దక్కని ప్రతి ఇంటివాళ్ళూ ఆమెకు కబురు పెట్టడం మొదలుపెట్టారు. బుల్లియ్య కూతురి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పళ్ళొచ్చే వేళ నీళ్ళలా విరేచనాలు పట్టుకున్నాయి. కడుపులోకి నీళ్ళు పోతేనే కదా నీళ్ళు బయటికొచ్చేది, అందుకని నీళ్ళు మానేశారు. పాలు మానేశారు. వేసవికాలం. బిడ్డ నాలుక పిడచగట్టుకుపోయింది, కళ్ళు లోపలికి పోయాయి, నడినెత్తి గుంటపడింది. ఏడిస్తే కన్నీరు రాదు. సుబ్బాయమ్మ వచ్చి ఆ నెత్తి మీద వేలు పెట్టి చూసింది. "వలలో నీళ్ళు కారిపోతుంటే చేపకి దాహం వేయదా? నా రెండోవాడి నెత్తి కూడా ఇట్టాగే దిగిపోయింది" అంది. పొయ్యి మీద గంజి వార్చి, తేట తీసి, ఉప్పుకల్లు వేసి, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పట్టడం మొదలుపెట్టింది. కక్కితే ఆగింది. ఆగి మళ్ళీ పట్టింది. మధ్యమధ్య తల్లి చేత పాలిప్పించింది. "చంపేస్తోంది, చంపేస్తోంది" అని ఇంటి ఆడవాళ్ళు గోలపెట్టారు. "చస్తే నా సరుకే కదా చచ్చేది, నష్టం నాది. మీకెందుకు?" అంటూ గంజితేట పడుతూనే ఉంది. బిడ్డ ఒంటికి పోసిందని ఆమెకు తెలిసేసరికి ఆమె నవ్విన నవ్వు గురించి బుల్లియ్య ఇప్పటికీ చెబుతాడు. బిడ్డ ఒంటికి పోస్తే ఇంత సంబరమా అని ఆ రోజు అనుకున్నాడట. తరవాత తెలిసింది, అది బిడ్డ ఒంట్లోకి మళ్ళీ నీరు చేరిన గుర్తని.

ఇంకొకరింట్లో బిడ్డకు పొట్ట ఉబ్బితే, వాతలు పెట్టేవాణ్ణి పిలిచారు. పసుపుకొమ్ము కాల్చి తెచ్చాడు. సుబ్బాయమ్మ బిడ్డ పొట్ట మీద తన చెయ్యి కప్పి కూర్చుంది. "ముందు నాకు పెట్టు. చల్లగా ఉందని నేనంటే తరవాత దానికి పెడుదువు గాని" అంది. వాడు బెదిరిస్తే లేస్తుందనుకున్నాడు. లేవలేదు. నిన్న ఆమెకు కడపటి స్నానం చేయించిన ఆడవాళ్ళారా, ముంజేతి మీద మచ్చ చూశారా? అది చేపముల్లు గుచ్చుకున్న మచ్చ కాదు.

అందరూ బతికారా? లేదు. నేను లేని గొప్ప చెప్పను. అమ్మవారు పోసి ఒక బిడ్డ పోయింది. పాలకీ గంజికీ లొంగని జబ్బు అది. ఆ బిడ్డ సుబ్బాయమ్మ సొత్తే, ఇంకా విడిపించుకోలేదు. ఆచారం ప్రకారం చూస్తే ఏడవాల్సింది ఎవరు? కాని ఏడుపు కన్నతల్లి చుట్టూ కూడింది. సుబ్బాయమ్మ వాకిట్లో గంప దగ్గర కాసేపు నిలబడింది. లోపలికి రమ్మని ఎవరికీ తోచలేదు. గంప ఎత్తుకొని వెళ్ళిపోయింది. ఆమెకది ఆరో బిడ్డ. ఎవరు లెక్కపెట్టారు?

ఇక విడిపించుకునే రోజు సంగతి. మీ అందరికీ అది పండగ. మేళం లేకపోయినా మేళమంత సందడి. కన్నతల్లి తలంటుకొని, కొత్త చీర కట్టుకొని, చేటెడు తవుడు తెచ్చి సుబ్బాయమ్మ కొంగులో పోస్తుంది. సుబ్బాయమ్మ బిడ్డను ఎత్తి ఇస్తుంది. "ఇక నీది" అంటుంది. అంతే. మీరంతా బిడ్డను ఎత్తుకొని ముద్దులాడుతూ ఇంటికి పోతారు. మీలో ఎవరైనా వెనక్కి తిరిగి చూశారా? నేను చూశాను. మీ ఆచారాన్ని తిట్టడానికి వచ్చినవాణ్ణి, అందుకని చివరిదాకా నిలబడి చూసేవాణ్ణి. ఆమె ఆ తవుడు ఇంటికి తీసుకెళ్ళేది కాదు. కొంగులో పట్టుకొని రేవులోకి దిగి, మోకాటి లోతు నీళ్ళలో నిలబడి, కొంచెం కొంచెంగా గోదాట్లో చల్లేది. చేపపిల్లలు మూగి తింటుంటే చూస్తూ నిలబడేది.

ఆ తరవాత ఆ బిడ్డ ఉన్న వీధిలోకి వచ్చేది కాదు. గమనించారా మీరు? చేపలు కావాలని మీరు కేక వేసినా వినపడనట్టు ఏటిగట్టు మీదుగా చుట్టు తిరిగి పోయేది. బిడ్డ తనను చూసి చెయ్యి చాపుతుందేమోనని. చాపితే ఎత్తుకోవాలనిపిస్తుందేమోనని. బిడ్డలు పెరిగి మరిచిపోయాకే మళ్ళీ ఆ వీధిలో ఆమె గంప కనబడేది. ఈ పాలెంలో బతికిన బిడ్డల లెక్క పెరిగినకొద్దీ, ఆమె నడవటానికి ఉన్న వీధులు తగ్గిపోయాయి.

ఒకసారి నేను ఇక్కడే, ఈ ఎండుచేపల పందిరి కింద ప్రసంగం చేస్తున్నాను. ఆమె ఎప్పటిలాగే గంపతో సహా చివర కూర్చుంది. మేము వెల పెట్టి కొనబడినవాళ్ళం, మా సొత్తు మేము కాము, మమ్మల్ని కొన్నవాడు ఒకడున్నాడు అని నేను గొంతెత్తి చెబుతున్నాను. ప్రసంగం అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది. "అయ్యా, మిమ్మల్ని కొన్నాయన మిమ్మల్ని మళ్ళీ తిరిగి ఇచ్చేస్తాడా?" అని అడిగింది. ఇవ్వడమ్మా, ఎన్నటికీ ఇవ్వడు అన్నాను. ఆమె గంప ఎత్తుకుంటూ, "అదృష్టవంతుడు. నేను ప్రతిసారీ ఇచ్చేస్తాను" అంది.

అయ్యలారా, నేను ఎందరితోనో వాదించి గెలిచాను. శాస్త్రాలు చదివినవాళ్ళతో వాదించాను. ఆమె మాత్రం ఒక్క మాటతో నన్ను ఓడించి పోయింది.

ఇప్పుడు ఆ చేటలో ఉన్న బిడ్డ దగ్గరికి వద్దాం.

లోవరాజు, వీరవేణి దంపతుల కూతురు ఆ బిడ్డ. వాళ్ళకు అంతకు ముందు పుట్టినవాళ్ళు దక్కలేదు. ఆచారం ప్రకారం సుబ్బాయమ్మే కొన్నది. పొద్దున్నే వచ్చి "నా బిడ్డకి పాలిచ్చావా?" అని అడిగేది. మొన్న పొద్దున్న ఆ కేక వినబడలేదు. వీరవేణి బిడ్డను చంకనేసుకొని ఆమె గుడిసెకు వెళ్ళింది. జ్వరంతో పడుకున్న మనిషి పడుకున్నట్టే ఉంది. చాప పక్కన ముంతలో నీళ్ళున్నాయి. ముంత అందించే చెయ్యి లేదు. ఊళ్ళో ఇన్ని నోళ్ళకు ఉగ్గుగిన్నె అందించినదానికి ఒక గుక్కెడు నీళ్ళు అందించడానికి ఎవరూ లేరు.

సరే, అది మన సిగ్గు. మనతోనే ఉంటుంది.

అప్పుడు రత్తమ్మగారు ఒక మాట అన్నారు. ఆవిడ వీరవేణికి అత్తగారు. ఆవిడ చెడ్డమనిషి కాదు, మనవరాలి మీద ప్రాణం. "కొన్నది పోయింది. బిడ్డ దాని సొత్తు. చచ్చినవాళ్ళ సొత్తు మనం ముట్టుకుంటే వెంటబెట్టుకుపోతుంది" అన్నారు. తవుడు పోసి విడిపించుకుందామంటే ఎవరికి పోయాలి? పుచ్చుకోవడానికి సుబ్బాయమ్మ లేదు. ఆమె పెనిమిటి తరఫువాళ్ళను అడిగారు. వారసులమని నిలబడితే ఆ ఊడ్చుకుపోయిన ఇల్లు మా ఇల్లవుతుంది, మా పిల్లలూ పోతారు అని వాళ్ళు తప్పుకున్నారు. మీరంతా కూడా తప్పుకున్నారు. పల్లంరాజుగారు పంచాయతీ పెట్టి చెప్పినా ఎవరూ ముందుకు రాలేదు. అందుకని మొన్నటి నుంచి ఆ బిడ్డకు తల్లి రొమ్ము లేదు. మేకపాలు ఉగ్గుగిన్నెతో పడుతున్నారు. అవి ఇమడక విరేచనాలు పట్టుకున్నాయి. నేను ఇందాక చేట దగ్గరికి వెళ్ళి చూశాను. నాకు వైద్యం రాదు. నడినెత్తి ఒకటి చూడటం మాత్రం సుబ్బాయమ్మను చూసి నేర్చుకున్నాను. దిగుతోంది, అయ్యలారా. దిగుతోంది.

ఐగుప్తు దేశంలో ఒక తల్లి ఉండేది. రాజు మగబిడ్డలను చంపిస్తున్నాడు. ఆమె తన బిడ్డను జమ్ముపెట్టెలో పెట్టి నదిలో వదిలింది. అంటే ఏం చేసింది? బిడ్డ నాది కాదంది. రాజు కూతురు ఆ పెట్టె తీసింది, బిడ్డ నాదంది. తరవాత ఏమైంది? ఆ బిడ్డకు పాలివ్వడానికి ఎవరిని పిలిచారు? ఆ కన్నతల్లినే పిలిచారు. బిడ్డ కాగితం మీద ఎవరిదైనా కానివ్వండి, పాలు మాత్రం తల్లివే. ఇంకొక చోట ఇద్దరు ఆడవాళ్ళు ఒక బిడ్డ కోసం రాజు ముందు కొట్లాడారు. కత్తి తెమ్మన్నాడు రాజు. నాకొద్దు, ఆమెకే ఇచ్చెయ్యండి, బతకనివ్వండి అన్నది ఎవరు? ఆమెనే తల్లి అన్నాడు రాజు. సుబ్బాయమ్మ బతికినన్నాళ్ళూ అన్న మాట అదే కదా? ఇచ్చేస్తాను, బతకనివ్వండి. అలాంటిది చచ్చాక బిడ్డను వెంటబెట్టుకుపోతుందా? రత్తమ్మగారూ, మీరామెను ఇన్నేళ్ళు ఎరుగుదురు. నన్ను కాదు, మీ మనసును అడగండి.

తల ఊపుతున్నారు. కాని భయం పోలేదు. నాకు తెలుసు. లేఖనం చెబితే పోయే భయమైతే నేనెప్పుడో పోగొట్టి ఉండేవాణ్ణి. సరే, మీ ఆచారం దారిలోనే వస్తాను.

ఇవాళ పొద్దున్న, పల్లంరాజుగారు వచ్చి వెళ్ళాక, చిట్టియ్య నా ఇంటికి వచ్చాడు. ముసలివాడు, గుమ్మంలో కూలబడి ఏడ్చాడు. ఒక సంగతి చెప్పాడు. చెప్పమంటావా, చిట్టియ్యా? చెప్పమంటున్నాడు.

తవిటయ్యకు పళ్ళొస్తున్న ఏడు ఈ పాలెంలో మరిడి వచ్చింది. వాంతులు, భేదులు, ఇంటికొక శవం. సంపూర్ణమ్మ పోయింది. కొడుకును విడిపించుకోకుండానే పోయింది. ఆ తరవాత చిట్టియ్య చేటలో తవుడు పోసుకొని సుబ్బాయమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె తీసుకోలేదు. "పొయ్యాల్సింది కన్నది. అది లేదు. ఉండనీ, వాణ్ణి నీ ఇంట్లోనే పెంచుకో" అందట. మరి వాడు ఎవరివాడు అని అడిగాడు చిట్టియ్య. అప్పుడు ఆమె తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఆ మాట నోటితో అనకు. నేనూ అనను. అన్నానంటే నా ఇంట్లో ఇంకా ఒకడు మిగిలాడని తెలిసిపోతుంది" అందట.

అర్థమైందా మీకు?

ఆమె చుట్టు తిరిగి పోకుండా నడిచిన వీధి ఈ పాలెంలో ఒకటి ఉంది. చిట్టియ్య వీధి. రోజూ ఆ వీధిలోంచే నడిచేది. తవిటయ్య నావ ఒడ్డుకు చేరేదాకా రేవులో గంప సర్దుకుంటున్నట్టు కూర్చునేది. వాడు అత్తా అని పిలిస్తే ఏంట్రా అనేది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. కొడుకా అని పిలిచే హక్కు ఉండి, పిలవలేదు. పిలిస్తే మృత్యువు వింటుందని. ఒక మనిషి తన ఇల్లు ఊడ్చుకుపోయిన ఇల్లని ఊరందరికీ చెప్పుకుంటూ, ఆ ఖాళీ ఇంట్లో ఒంటరిగా పడుకొని, ఆ మాట మాటున ఒక కొడుకును దాచుకుంది.

తవిటయ్యా, మీసం మీద చెయ్యి తియ్యి నాయనా. ఏడిస్తే తప్పు లేదు.

నిన్నెవరూ విడిపించుకోలేదు. మీ పాలెం ఆచారం ప్రకారం నువ్వు సుబ్బాయమ్మ కొడుకువి. ఇవాళ్టిదాకా నీకు తెలియలేదు కాబట్టి నిన్న నలుగురిలో ఒకడిగా పాడె మోశావు. కొడుకుగానే మోశావనుకో. ఆమెది ఊడ్చుకుపోయిన ఇల్లు కాదు. ఆ ఇంట్లో నువ్వున్నావు. నీ ఇంట్లో నీ పిల్లలున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఇన్నేళ్ళుగా ఆ ఇల్లు నీదే. ఏ కీడూ నిన్ను వెతుక్కుంటూ రాలేదు. కాబట్టి ఆమె తరఫున తవుడు పుచ్చుకునే హక్కు ఈ సభలో ఒక్కడికే ఉంది. భయపడితే కూర్చో, నేనేమీ అనను. ఆమె కొడుకువైతే లేచి రా.

వస్తున్నాడు. దారివ్వండి.

ఇదిగో, నా సంచిలో లేఖనాలతో పాటు తెచ్చిన రెండోది ఇదే. తవుడు. నవ్వండి, పరవాలేదు. తవుడు మీద నిప్పులు కక్కిన జీవరాజు పొద్దున్నే వడ్లు దంచే వాళ్ళ దగ్గరికి పోయి తవుడు అడిగి, కండువాలో మూటగట్టి, లేఖనాల పక్కన పెట్టుకొని వచ్చాడు. ఈ తవుడులో ఏ శక్తీ లేదని ఇప్పుడు కూడా చెబుతున్నాను. కాని దీని అవతల ఒక బిడ్డ ఉంది. ఈ మూట విప్పితే ఆ బిడ్డ తల్లి చేతిలోకి వస్తుందంటే, నేను విప్పుతాను. నా దేవుడు నన్ను అడిగితే, సుబ్బాయమ్మను పిలిచి అడగమంటాను.

వీరవేణీ, రామ్మా. ఈ ఖాళీ చేటలో తవుడు పోస్తున్నాను, పట్టుకో. రత్తమ్మగారూ, మీరూ కోడలి చెయ్యి పట్టుకోండి. తవిటయ్యా, కొంగు లేదు నీకు, కండువా పట్టు. పొయ్యమ్మా. అంతా పొయ్యి. కింద పడినా పరవాలేదు.

తవిటయ్యా, ఇప్పుడు నువ్వు అనాలి. ఆమె ఏమనేదో నీకు తెలుసు. అందరూ వినేలా అనక్కర్లేదు. ఆ తల్లికి వినబడితే చాలు.

అన్నాడు. "ఇక నీది" అన్నాడు.

ఎత్తుకో, వీరవేణీ. ఎత్తుకోమ్మా, ఏమీ కాదు. కూర్చో, పందిరి గుంజకు ఆనుకొని కూర్చో. మగవాళ్ళు అటు తిరగండి. ఆలస్యంగా పట్టుకుంటుంది, తొందరపెట్టకు. నీరసపడి ఉంది. చుక్క పెదవి మీద పిండు. అలాగే. మేకపాలు మానెయ్యండి. సాయంత్రం దాకా పాలిస్తూనే ఉండు. మధ్యలో గంజితేట, ఉప్పుకల్లు. కక్కితే ఆగి మళ్ళీ. ఎవరు ఏమన్నా ఊరుకో. రేపు పొద్దున్నే నీ గుమ్మంలోకి తవిటయ్య వస్తాడు. నా బిడ్డకి పాలిచ్చావా అని అడగడు, ఇప్పుడు అది నీ బిడ్డ. నీ బిడ్డకి పాలిచ్చావా అని అడుగుతాడు. అడుగుతావా నాయనా? ఒక్క ఈ గుమ్మంలోనే కాదు, పసిబిడ్డ ఉన్న ప్రతి గుమ్మంలోనూ ఆ కేక వినబడాలి. నువ్వు ఏటి మీద ఉన్న రోజున ఇంకొకరు వెయ్యాలి. ఆ కేక ఆగిపోయిన రోజున సుబ్బాయమ్మ నిజంగా చచ్చిపోతుంది.

ఆ తవుడు ఏం చెయ్యాలో నీకు నేను చెప్పనక్కర్లేదు. సభ అయ్యాక రేవులోకి దిగు. ఆమె నిలబడే చోట నిలబడు. ఈసారి ఒడ్డున మేమంతా ఉంటాం. ఎవరూ ఇంటికి పోరు.

ఆగండి. విన్నారా? మూలుగు ఆగింది.

ఇక నేను మాట్లాడను. ఈ గొంతు అవతల లంకకు వినబడింది చాలు. అందరూ లేవండి. తలపాగాలు తియ్యండి. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకోండి. మీలో ఎవరెవరిని ఆమె తవుడు పోసి కొన్నదో వాళ్ళు ఆ చెయ్యి గుర్తుకు తెచ్చుకోండి, గుర్తుండదు, అయినా తెచ్చుకోండి. కాసేపు ఒక్క మాట కూడా వద్దు.

వీరవేణీ, నువ్వు లేవకు. నువ్వు కూర్చునే ఉండు. దాన్ని తాగనియ్యి. ఈ నిశ్శబ్దంలో మాకు ఆ ఒక్క చప్పుడే వినబడాలి.